అమ్మ బొమ్మకు ఏ రంగు?

పిల్లలూ! మీ రంగు పెన్సిళ్ళ పెట్టె ఒకసారి తెరిచి చూడండి. అందులో లేత గులాబీకీ లేత నారింజకూ మధ్యగా ఒక పెన్సిలు ఉంటుంది. దాన్ని మీరేమంటారు? నేను పనిచేసిన బళ్ళన్నిటిలోనూ పిల్లలు దాన్ని "స్కిన్ కలరు" అనేవారు. మనిషి బొమ్మ వెయ్యమంటే చాలు, "ఒరేయ్, స్కిన్ కలరు ఇటివ్వరా!" అని ఒకటే గోల. పెట్టెలో అన్నిటికన్నా ముందు అరిగిపోయేది ఆ పెన్సిలే.

ఇప్పుడు ఆ పెన్సిలుతో కాయితం మీద కాస్త రంగు పూసి, ఆ కాయితాన్ని మీ ముంజేతి పక్కన పెట్టి చూడండి. రెండూ ఒకటే రంగుగా ఉన్నాయా? మీలో చాలామందికి ఉండవు. మరి అది ఎవరి ఒంటి రంగు?

ఇంత చిన్న ప్రశ్న, పిల్లలకు పాఠాలు చెప్పినంతకాలం నాకు తోచనే లేదు. ఒక చిన్నపిల్లా, ఒక చిత్రకారుడూ కలిసి దాన్ని నాకు నేర్పారు. ఎలాగో చెబుతాను, వినండి.

బొమ్మలో రాని అమ్మ

నేను గుడివాడ దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో పనిచేసే రోజులవి. ఒకనాడు డ్రాయింగు మాష్టారు సెలవు పెట్టారు. ఆరవ తరగతికి నేను వెళ్ళాను. ఏం చెప్పాలో తోచక, "ఇవాళ మీ అమ్మల బొమ్మలు వెయ్యండి" అన్నాను.

ఆ తరగతిలో దివిసీమ నుంచి వచ్చిన ఒక పిల్ల ఉండేది. తల్లి అక్కడ పొలం పనులు చేసుకునేది. పిల్ల ఇక్కడ అమ్మమ్మ ఇంట్లో ఉండి చదువుకునేది. ఆ పిల్ల తలెత్తకుండా బొమ్మ వేస్తున్నది. నేను వెనకగా వెళ్ళి నిలబడి చూశాను. మొహానికి ముందు గోధుమ రంగు వేసింది. అది చాలదని దాని మీద నల్ల పెన్సిలు గట్టిగా రుద్దింది. ఎర్రచీర, నుదుట పెద్ద బొట్టు, నెత్తిన గడ్డిమోపు.

"అమ్మాయ్! అమ్మను ఇంత నల్లగా వేస్తారా? చక్కగా స్కిన్ కలరు వెయ్యి. అందంగా ఉంటుంది" అన్నాను.

పిల్ల ఏమీ అనలేదు. ఆ కాయితం మడిచి పుస్తకంలో పెట్టుకుని, ఇంకొకటి తీసుకున్నది. గంట కొట్టే వేళకు కొత్త బొమ్మ తెచ్చి చూపించింది. అందులో అమ్మ మొహం లేత గులాబీ రంగులో ఉన్నది.

"ఇప్పుడు బాగుంది" అని పదికి 8 మార్కులు వేశాను.

పిల్ల బొమ్మకేసి చూసి, "బాగుందండీ. కాని ఇందులో మా అమ్మ రాలేదండీ" అన్నది.

నేను నవ్వి ఊరుకున్నాను.

గోడల మీద మనుషులు

ఏళ్ళు గడిచాయి. నేను ప్రధానోపాధ్యాయుణ్ణయి, ఉద్యోగ విరమణ కూడా చేశాను. ఒకసారి హైదరాబాదులో మా అమ్మాయి ఇంటికి వెళ్ళినప్పుడు, అయిదో తరగతి చదివే మనవణ్ణి వెంటబెట్టుకుని ఒక చిత్ర ప్రదర్శన చూడబోయాను. అక్కడ తోట వైకుంఠం గారి బొమ్మలు పెట్టారు.

గుమ్మంలో అడుగు పెడుతూనే ఇద్దరమూ నిలబడిపోయాము. తెల్లటి గోడల నిండా మొహాలు! ఆడవాళ్ళు జుట్టు నున్నగా దువ్వి కొప్పు పెట్టుకున్నారు. నుదుట రూపాయి బిళ్ళంత కుంకుమబొట్టు. ముక్కుకు ముక్కెర, చెవులకు కమ్మలు, మెడలో పూసల పేర్లు. ఒకామె ఎర్రంచు పసుపుచీర కట్టుకున్నది. ఇంకొకామె పసుపంచు ఎర్రచీర కట్టుకున్నది. ఒకామె దగ్గర పచ్చటి చిలక ఉన్నది. మగవాళ్ళు నామాలు దిద్దుకుని, భుజాన కండువాలు వేసుకుని ఉన్నారు. అందరూ మంచి కండపుష్టి గల మనుషులు. పటంలో చోటు చాలనట్టు అంచులదాకా నిండి ఉన్నారు. ఒంటి రంగు మాత్రం ముదురు గోధుమ. కొందరిది ఇంచుమించు నలుపు.

మా మనవడు ఒక పటం ముందు చాలాసేపు నిలబడి, నా చెయ్యి లాగాడు.

"తాతయ్యా, ఈవిడ ఇంత నల్లగా ఉన్నది కదా, మరి మొహం దీపంలా ఎట్లా వెలుగుతున్నది?" అన్నాడు.

నాకా నిమిషంలో జవాబు తోచలేదు. దివిసీమ పిల్ల గుర్తుకు వచ్చింది. ఆ పిల్ల మొదట వేసిన బొమ్మలో ఉన్నది సరిగ్గా ఇవే రంగులు: నలుపు కలిసిన గోధుమ, ఎరుపు, పెద్ద బొట్టు. "అమ్మ రాలేదండీ" అన్న మాట అన్నేళ్ళకు నాకు అర్థమయింది. ఈ పటాల్లో అమ్మ వచ్చింది.

బూరుగుపల్లి నుంచి బరోడా దాకా

తోట వైకుంఠం గారు 1942లో, కరీంనగర్ ప్రాంతంలోని బూరుగుపల్లి అనే పల్లెటూళ్ళో పుట్టారు. ఆ రోజుల్లో పల్లెలకు నాటకాలవాళ్ళు వచ్చేవారు. ఆడవేషాలు కూడా మగవాళ్ళే కట్టేవారు. పగలు మామూలుగా కనిపించిన మనిషి, రాత్రి మొహాన రంగు పూసుకుని, కాటుక దిద్దుకుని, చీర కట్టుకుని రాణి అయిపోయేవాడు. చిన్నవాడైన వైకుంఠానికి అది పెద్ద వింతగా ఉండేది.

మన కృష్ణా జిల్లా పిల్లలకు ఇది బాగా తెలిసిన సంగతే. మొవ్వ పక్కనున్న కూచిపూడిలో తరతరాలుగా ఆడవేషాలు మగవాళ్ళే వేశారు. వేదాంతం సత్యనారాయణశర్మ గారు సత్యభామగా రంగం మీదికి వస్తే, ఆయన మగవాడంటే కొత్తవాళ్ళు నమ్మేవారు కారు. ఆయనకు 1970లో పద్మశ్రీ వచ్చింది. పూర్వం ఆ వేషాలకు మొహాన అర్దళం అనే పసుపుపచ్చని రంగు పూసేవారు. నిజంగా ఎవరి మొహమూ అంత పచ్చగా ఉండదు. అయినా ఆ రంగు వేశాకనే ఆ పాత్ర మన కళ్ళకు కడుతుంది. ఈ సంగతి గుర్తుంచుకోండి. మళ్ళీ దీని దగ్గరికి వద్దాము.

వైకుంఠం గారు హైదరాబాదులో చిత్రకళ నేర్చుకుని, ఆ పైన బరోడా వెళ్ళి కె. జి. సుబ్రహ్మణ్యన్ గారి దగ్గర చదువుకున్నారు. పల్లెల్లో బొమ్మలు చేసేవాళ్ళ పనిలోనూ, పటాలు వేసేవాళ్ళ పనిలోనూ ఎంత విద్య ఉన్నదో శిష్యులకు చూపిన గురువు ఆయన. తిరిగి వచ్చాక వైకుంఠం గారి చూపు సొంత ఊరి మనుషుల మీదికి మళ్ళింది. మొదట్లో బొగ్గుతోనూ పెన్సిలుతోనూ గీశారు. తరువాత రంగుల్లోకి వచ్చారు. ఎక్కువగా గీసింది తెలంగాణా పల్లెల్లో కష్టపడి పనిచేసే ఆడవాళ్ళను. 1988లో బి. నర్సింగరావు గారు తీసిన "దాసి" అనే సినిమాకు కళాదర్శకుడుగా పనిచేసి, జాతీయ బహుమతి కూడా పొందారు.

రెండు రంగులు కలిపి తయారుచేసిన కలగాపులగపు రంగులు ఆయనకు నచ్చవు. ఎరుపు, పసుపు, కాషాయం వంటి నిండు రంగులే ఇష్టం. అవి మన దేశపు రంగులని ఆయన అభిప్రాయం. నిజమే కదా! మన గడప పసుపు, మన నుదుటి కుంకుమ, ఎద్దుల కొమ్ములకు వేసే రంగులు, బందరు కలంకారీ అద్దకంలోని ఎరుపూ నలుపూ, ఇవన్నీ నిండు రంగులే.

నలుపు ఎలా వెలుగుతుంది?

ఇక మా మనవడి ప్రశ్నకు వద్దాము. దీనికి జవాబు మీరే ఇంట్లో కనుక్కోవచ్చు.

గోధుమ రంగు కాయితం నుంచి ఒకే కొలతలో రెండు చిన్న ముక్కలు కత్తిరించండి. పుస్తకాలకు వేసే అట్ట కాయితమైనా సరే. ఒక ముక్కను తెల్ల కాయితం మధ్య పెట్టండి. రెండోదాన్ని నల్ల కాయితం మధ్య పెట్టండి. నాలుగడుగులు వెనక్కు వెళ్ళి చూడండి. తెల్లదాని మీద ముక్క ముదురుగా కనిపిస్తుంది. నల్లదాని మీద ముక్క లేతగా, వెలుగుతున్నట్టుగా కనిపిస్తుంది. రెండూ ఒకే కాయితం ముక్కలని మీకు తెలుసు. అయినా కన్ను ఒప్పుకోదు!

ఎందుకంటే కన్ను ఏ రంగునూ ఒంటరిగా చూడదు. పక్కనున్న దానితో పోల్చి చూస్తుంది. వైకుంఠం గారి పటంలో గోధుమ రంగు మొహం చుట్టూ కారునలుపు జుట్టు ఉన్నది. అందుకే ఆ మొహం వెలుగుతుంది.

ఇంకొక పరీక్ష. తెల్ల కాయితం మీద రూపాయి బిళ్ళంత ఎర్రచుక్క పెట్టి, నిండుగా రంగు వెయ్యండి. వెలుతురులో కూర్చుని ముప్ఫై లెక్కపెట్టేవరకు దానికేసే చూడండి. తరువాత వేరొక తెల్ల కాయితం వైపు చూడండి. అక్కడ నీలం కలిసిన ఆకుపచ్చని చుక్క ఒకటి తేలుతూ కనిపిస్తుంది! మన కంటిలోని రెటీనా అనే తెరలో, రంగులను పోల్చుకునే కణాలు మూడు రకాలు ఉన్నాయి. ఎరుపును అదేపనిగా చూస్తే, ఎరుపుకు ఎక్కువగా స్పందించే కణాలు అలసిపోతాయి. తెల్లటి చోటికి చూపు మళ్ళించినప్పుడు మిగతావి చురుకుగా పనిచేసి, ఎరుపుకు ఎదురు రంగును చూపిస్తాయి. ఎదురు రంగులు రెండూ పక్కపక్కన ఉంటే ఒకదాన్నొకటి రెచ్చగొడతాయి. ఎర్రచీర పక్కన పచ్చటి చిలకను పెట్టడంలో కిటుకు అదే.

ఈ సంగతిని మొదట శ్రద్ధగా పరిశోధించినవాడు షెవ్రోల్ అనే ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు. ఆయన పారిస్‌లో గోబెలిన్ అనే నేతశాలలో అద్దకపు శాఖకు అధికారిగా ఉండేవాడు. నల్లదారం రంగు బాగా లేదని, వెలిసినట్టుగా ఉన్నదని ఆయనకు ఫిర్యాదులు వచ్చాయి. పరీక్షించి చూస్తే దారంలో ఏ లోపమూ లేదు! దాని పక్కన నేసిన నీలం, ఊదా దారాల వల్ల నలుపు అలా కనిపించింది. ఈ విషయాలన్నీ ఆయన 1839లో పుస్తకంగా అచ్చు వేయించాడు. తరువాతి చిత్రకారులు చాలామంది దాన్ని చదివి లాభం పొందారు. ఆయన 102 ఏళ్ళు బతికాడు.

మొహం మీద ఆకుపచ్చ

ఇంతవరకు కంటి సంగతి. మనసు సంగతి ఇంకా ఉన్నది. మొహాన్ని ఉన్నదున్నట్టు గీస్తేనే మంచి బొమ్మ అని మనం అనుకుంటాము. పోలిక కుదరడం గొప్ప విద్యే. మన దేశంలో రాజా రవివర్మ (1848–1906) ఆ విద్యలో ఆరితేరినవాడు. ఆయన 1894లో బొంబాయిలో ముద్రణాలయం పెట్టి దేవతల పటాలు అచ్చు వేయించాడు. అవి దేశమంతటా ఇళ్ళ గోడలెక్కాయి. ఆ పటాల్లో లక్ష్మీ సరస్వతులు తెల్లగా ఉంటారు. అందం అంటే తెలుపు అనే అలవాటు మన కళ్ళకు అంతకు ముందే ఉన్నది. గోడ మీది పటాలు ఆ అలవాటును ఇంకా గట్టిపరిచాయి.

కాని చిత్రకారుడు పోలికను మాత్రమే గీయనక్కర లేదు. ఆ మనిషిని చూస్తే తనకేమనిపించిందో అది కూడా గీయవచ్చు. 1905లో మటీస్ అనే ఫ్రెంచి చిత్రకారుడు, పెద్ద టోపీ పెట్టుకున్న తన భార్య బొమ్మ వేసి పారిస్‌లో ప్రదర్శనకు పెట్టాడు. ఆ మొహంలో ఆకుపచ్చ ఉన్నది, పసుపు ఉన్నది, నీలం ఉన్నది! జనం విరగబడి నవ్వారు. ఒక విమర్శకుడు మటీస్‌నూ అతని స్నేహితులనూ కలిపి "అడవి మృగాలు" అన్నాడు. ఆ పేరే వాళ్ళకు నిలిచిపోయింది. కాని నవ్విన వాళ్ళ పేర్లు ఇవాళ ఎవరికీ తెలియవు. ఆ బొమ్మ అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కో నగరపు మ్యూజియంలో ఉన్నది. కూచిపూడి వేషానికి పూసిన అర్దళం లాగే, ఆ ఆకుపచ్చ కూడా చర్మం రంగు కాదు. అది భావం రంగు.

రంగుకు ఇంత బలం ఉన్నదని మన ఊరివాడొకరు మరో దారిలో చూపించారు. గుడివాడలో 1936లో పుట్టిన ఎస్. వి. రామారావు గారు మద్రాసులో చిత్రకళ చదివి, లండన్ వెళ్ళి పై చదువులు చదివారు. ఆయన మొహాన్నీ మనిషినీ కూడా వదిలిపెట్టి, ఉత్త రంగులతోనే పటాలు నింపారు. ఆయనకు 2001లో పద్మశ్రీ వచ్చింది. మన వీధుల్లో తిరిగిన పిల్లవాడే కదా అని నేను మా మనవడికి ఆయన సంగతి గర్వంగా చెప్పాను.

పెన్సిలు పేరు మారింది

"స్కిన్ కలరు" గొడవ మన ఒక్క దేశానిదే కాదు. అమెరికాలో క్రేయోలా అనే మైనపు రంగుకడ్డీల పెట్టెలో ఒకదాని మీద "ఒంటి రంగు" అనే అర్థం వచ్చే పేరే అచ్చు వేసేవారు. అది తెల్లవాళ్ళ ఒంటి రంగు. నల్లవారు సమాన హక్కుల కోసం పోరాడుతున్న రోజుల్లో, 1962లో, ఆ పేరు తీసివేసి పీచ్ అనే పండు పేరు పెట్టారు. రంగు అదే. పేరే మారింది. కాని ఆ పెట్టె తెరిచిన నల్లపిల్లకు, "నీది ఒంటి రంగు కాదు" అని చెప్పే మాట ఒకటి పోయింది.

ఒంట్లో మెలనిన్ అనే పదార్థం ఎక్కువగా ఉంటే చర్మం ముదురుగా ఉంటుంది. తక్కువగా ఉంటే లేతగా ఉంటుంది. ఎండలోని హానికరమైన కిరణాలను లోపలికి పోకుండా అడ్డుకునేది అదే. ఎండ మండిపోయే మన సీమలో అది మనకు గొడుగు వంటిది. నాట్లు వేసే తల్లికి, వల వేసే తండ్రికి ఆ గొడుగు లేకపోతే ఎలా?

మనం నలుపును చిన్నచూపు చూడడం మరీ విచిత్రం. మనకు నీళ్ళిచ్చే నది పేరు కృష్ణ. కృష్ణ అంటే నలుపు. మనకు అన్నం పెట్టే నేల నల్లరేగడి. వానకు తడిసి నిగనిగలాడే ఆ నేలను చూసి, "ఎంత నల్లగా ఉన్నదో!" అని రైతు సంతోషిస్తాడు. అదే మాట ఇంట్లో ఆడపిల్లను చూసి అన్నప్పుడు మన గొంతు మారిపోతుంది.

పెద్దలకు ఒక మాట

తల్లిదండ్రులకు కూడా ఒక మనవి. "ఎండలో ఆడకే, నల్లబడతావు", "అక్క ఎరుపు, చెల్లెలు కాస్త చామనచాయ" - ఇటువంటి మాటలు మనం ఆలోచించకుండా అంటాము. పిల్లలు మాత్రం ఆలోచించకుండా వినరు. మీ పిల్లలు బొమ్మ వేసి తెచ్చినప్పుడు, "మొహం ఇలా ఉంటుందా?" అని దిద్దకండి. "ఈ రంగు ఎందుకు వేశావు?" అని అడగండి. ఎందుకు వేశారో వాళ్ళకు తెలుసు. నేను ఆనాడు అడగవలసిన ప్రశ్న అదే. అడిగి ఉంటే, నెత్తిన మోపుతో గట్టు మీద నడిచివచ్చే తల్లిని గురించి ఆ పిల్ల నాకు చెప్పి ఉండేది.

మీకొక పని

పిల్లలూ, ఈ ఆదివారం మీ ఇంట్లో ఒకరిని ఎదురుగా కూర్చోబెట్టుకోండి. అమ్మయినా సరే, తాతయినా సరే, పాలు పోసే అత్తయినా సరే. వెంటనే పెన్సిలు పట్టకండి. అయిదు నిమిషాలు ఊరికే చూడండి. చెంప మీద ఏ రంగు ఉన్నది? మెడ దగ్గర ఏ రంగు? ఎండ పడినచోట ఎలా ఉన్నది, నీడలో ఎలా ఉన్నది? ఎరుపు మీద గోధుమ, గోధుమ మీద నలుపు కలిపి చూడండి. పెట్టెలో ఏ ఒక్క పెన్సిలూ ఆ రంగుకు సరిపోదని మీకే తెలుస్తుంది. ఆ తరువాత, ఆ మనిషిని చూస్తే మీకు ఏ రంగు తోస్తుందో దాన్ని చుట్టూ నింపండి. బొమ్మ పూర్తి అయ్యాక ఆ మనిషికి చూపించి, "నువ్వు వచ్చావా?" అని అడగండి.

దివిసీమ పిల్ల ఇప్పుడు పెద్దదయి, ఎక్కడో తన పిల్లలకు అమ్మ అయి ఉంటుంది. ఈ పత్రిక ఆమె ఇంటికి కూడా వస్తే బాగుండును. అమ్మాయీ, ఆ రోజున నేను మార్కులు తప్పు బొమ్మకు వేశాను. నువ్వు మడిచి పుస్తకంలో దాచుకున్న ఆ మొదటి బొమ్మకు పదికి పది.